జీవితమంతా ఉంది, నటన తప్ప

‘మాయాబజార్’లో కాసేపు సావిత్రి ఎస్వీ రంగారావు అయిపోతుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో అంతఃపురంలో తిరుగుతున్నాడన్నది కథ. తెర మీద ఉన్నది మాత్రం సావిత్రి. పక్కన ఎవరైనా ఉంటే పెళ్లికూతురి సిగ్గు. ఎవరూ లేరనుకున్న మరుక్షణం భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, చూపులోకి ఒక దర్పం వచ్చేస్తుంది. పాటలో ఘంటసాల గొంతు వినిపించినచోట ఆ ఒంట్లో ఉన్నది ఆడపిల్ల కాదని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఆడమనిషి మగవేషం కట్టడం మన నాటకాలకు కొత్త కాదు గానీ, ఇక్కడ పని అంతకన్నా చిక్కుది. ఆడరూపంలో ఉన్న రాక్షసుడిగా ఒక నటి నటించాలి, ఆ రాక్షసుడు ఫలానా రంగారావే అని ప్రేక్షకుడు పోల్చుకోవాలి. సినిమా వచ్చింది 1957లో. అప్పటికి సావిత్రికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు.

ఎలా చేశారు? రంగారావు సీన్లు ముందే తీసేశారా? ఆమె సెట్లో ఓ మూల కూర్చుని ఆయన నడక చూశారా, లేక రషెస్ వేయించుకున్నారా? దర్శకుడు కె.వి.రెడ్డి ఆయన చేత ఒకసారి చేయించి ఆమెకు చూపించారా? నృత్య దర్శకుడు పసుమర్తి కృష్ణమూర్తి ఆ దర్పాన్ని నాట్యంలోనే పెట్టి అందించారా? కె.వి.రెడ్డి రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఏ సీను ఎన్ని అడుగుల ఫిల్ము వస్తుందో ముందే లెక్క వేసుకునే మనిషి. అలాంటి దర్శకుడి దగ్గర ఇది గాల్లోంచి ఊడిపడి ఉండదు. ఎక్కడో, ఏ రోజో, ఎవరో ఒకరు ఒక మాట అని ఉంటారు. ఒక టేక్ పాడై ఉంటుంది. మరొకటి కుదిరి ఉంటుంది.

సావిత్రి మీద పుస్తకం తెరిచేవాడికి మొదట రావలసిన ప్రశ్నలు ఇవే అనుకుంటాను. మన పుస్తకాల తీరులో ‘మాయాబజార్’కు దక్కేది మహా అయితే ఒక పేరా. శశిరేఖ పాత్రలో జీవించారని ఒక వాక్యం, సినిమా ఘనవిజయం సాధించిందని ఇంకో వాక్యం. తర్వాతి పేరాలో భర్త జెమినీ గణేశన్ వచ్చేస్తారు. అక్కడి నుంచి చివరి పేజీ దాకా ఇల్లూ, కార్లూ, నగలూ, మందూ, ఆస్పత్రీ.

సినిమావాళ్ల జీవిత చరిత్రలు ఉసూరుమనిపిస్తాయన్నది కొత్త ఫిర్యాదేం కాదు. చదివినవాళ్లు చెప్పే కారణం కూడా దాదాపు ఒకటే ఉంటుంది: అసలు సంగతులు దాచేశారని. ఎవరితో ఎవరికి ఏముందో రాయలేదని, ఆస్తులు ఎవరు మింగారో చెప్పలేదని. నాకు ఆ దాపరికం మీద అంత కోపం లేదు. ఇంట్లో జరిగినవి చెప్పుకోవాలో వద్దో వాళ్లిష్టం. నా గొడవల్లా, చెప్పడానికి ఎవరూ అడ్డు రాని సంగతి, అంటే ఆ మనిషి ముప్పై, నలభై ఏళ్లు రోజూ పొద్దున్నే మేకప్ వేసుకుని చేసిన పని, అది కూడా ఆ పుస్తకాల్లో ఉండకపోవడం గురించి. దాన్ని ఎవరూ దాచలేదు. రాయదగిన సంగతని రాసేవాళ్లకు తోచలేదు, అంతే.

<b>మద్రాసు మెయిలు ఎక్కిన కథ</b>

ఈ పుస్తకాలు వరసగా నాలుగు చదివినవాళ్లు ఐదోది వాళ్లే రాసేయగలరు. పల్లెటూళ్లో పుట్టుక. చదువబ్బకపోవడం. తిరునాళ్లలో నాటకం చూసి మనసు పారేసుకోవడం. ఇంట్లో తన్నులు. మద్రాసు మెయిలు. పానగల్ పార్కు బెంచీ, కుళాయి నీళ్లు, స్టూడియో గేటు దగ్గర గూర్ఖా. ఒక పెద్దమనిషి చల్లని చూపు. మొదటి వేషం. ఇక అక్కడి నుంచి సినిమాల పేర్లు ఏడాది వారీగా దిగుతాయి, ప్రతి పేరు వెనకా ఒక విశేషణం. తర్వాత ‘మంచి మనసు’ అధ్యాయం: గుప్తదానాలు, మేకప్‌మన్ కూతురి పెళ్లి. పద్మ అవార్డు. చివరి రోజులు. మధ్యలో ఆర్ట్ పేపరు మీద ఫొటోలు. వాటిలో సగం సన్మానాలవే, సాటి నటులతో కన్నా మంత్రులతో దిగినవే ఎక్కువ. ఇంతా చేసి, వెనక పేర్ల సూచిక ఉండదు. మూడొందల పేజీల పుస్తకంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే గురించి ఎక్కడ ఉందో వెతకాలంటే మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పాల్సిందే. ఈ చిన్న మర్యాదైనా మన ప్రచురణకర్తలు పాఠకుడికి ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

ఈ చట్రంలో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు, అదే దాంతో వచ్చిన తంటా. పేదరికం నుంచి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. పానగల్ పార్కులో పడుకున్నవాళ్లూ వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఈ ఒక్కరే ఎందుకు? ‘అదృష్టం’, ‘పట్టుదల’, ‘దైవానుగ్రహం’ అని మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మూడూ నటన గురించి కావు.

రంగారావు సంగతే తీసుకోండి. 1918లో నూజివీడులో పుట్టారు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడారు. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి అందరూ ఆ క్లబ్బు మెట్లెక్కినవాళ్లే. షేక్‌స్పియర్ పాత్రలు వేశారు, షైలాక్ వాటిలో ఒకటి. ఫైర్ సర్వీసులో ఆఫీసరుగా పనిచేశారు. ‘వరూధిని’లో ప్రవరుడు వేశారు, సినిమా ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. మళ్లీ మద్రాసు వచ్చి 1950లో ‘షావుకారు’లో సున్నపు రంగడు, ఆ మరుసటేడు ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు.

ఇంతవరకు అందరూ రాస్తారు, రాసినవాళ్లను చూసి మరొకరు రాస్తారు. ప్రవరాఖ్యుడి వేషంలో నెగ్గని మనిషి మూడు నాలుగేళ్లలో సున్నపు రంగడిలా నిలబడగలిగాడంటే మధ్యలో ఏం జరిగింది? అంత భారీ విగ్రహం ఉన్న మనిషి తన బరువును ఎక్కడ వాడాలో, ఎక్కడ దాచాలో ఎప్పుడు నేర్చాడు? మాంత్రికుడి వంచిన మెడలో, వేళ్ల కదలికలో, ఆ దురాశలో షైలాక్ ఛాయ ఉందని నాకనిపిస్తుంది. తప్పో ఒప్పో తేల్చాల్సిన వాడు జీవిత చరిత్రకారుడు. కాకినాడ స్టేజీ మీద చేసింది వాహినీ ఫ్లోరు మీదికి ఎలా వచ్చిందో చూపించగలిగితే, ఆ ఒక్క అధ్యాయం కోసం మిగతా పుస్తకాన్ని క్షమించేయొచ్చు. ‘నర్తనశాల’ కీచకుడికి 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందని రాయడం తేలిక. తెలుగు రాని న్యాయనిర్ణేతలకు ఆ కీచకుడిలో ఏం కనిపించిందో ఆలోచించడానికి ఇంకాస్త కూర్చోవాలి. ఆయన ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ డైరెక్ట్ కూడా చేశారు. ఇతరుల నటనను ఆయన ఎలా దిద్దేవారో తెలిస్తే, తన నటన గురించి ఏమనుకునేవారో తెలిసేది.

<b>తప్పెవరిది అన్న తగువు</b>

సావిత్రి దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే మన జీవిత చరిత్రల జబ్బు ఆమె విషయంలో ముదిరినంతగా ఇంకెవరి విషయంలోనూ ముదరలేదు. ఆమె పుట్టిన ఏడాదే ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. 1934 అన్నవాళ్లున్నారు, 1935, 1936, 1937 అన్నవాళ్లూ ఉన్నారు. ఏ రుజువు చూసి రాశారో చెప్పినవాళ్లు అరుదు. చనిపోయిన తేదీలో మాత్రం ఎవరికీ తేడా రాదు: 1981 డిసెంబరు 26. చావు గురించి అంత కచ్చితంగా, పుట్టుక గురించి ఇంత అలవోకగా ఉండటంలోనే మనకు ఆమె జీవితంలో ఏ సగం కావాలో తేలిపోతోంది.

2018లో నాగ్ అశ్విన్ ‘మహానటి’ తీసినప్పుడు జనం థియేటర్లలో ఏడ్చారు. సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మాయా శశిరేఖ పాటను ఆ సినిమాలో మళ్లీ తీశారు కూడా. సెట్టు, నగలు, కెమెరా కోణం అచ్చుగుద్దినట్టుంటాయి. ఆ శ్రద్ధను మెచ్చుకోవాల్సిందే. విడుదలయ్యాక నడిచిన వాదం మాత్రం వేరే దారి పట్టింది. తమ తండ్రిని తప్పుగా చూపించారని జెమినీ గణేశన్ కూతురు డాక్టర్ కమలా సెల్వరాజ్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. సావిత్రికి మందు అలవాటు చేసిందెవరు, ఆస్తి పోగొట్టిందెవరు, ఆఖర్న ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని రెండు వైపులా మాటలు పడ్డాయి. పంచాయతీలో అడగాల్సిన ప్రశ్నలు ఇవి. వీటికి జవాబు దొరికినా దొరక్కపోయినా ‘దేవదాసు’లో పార్వతి మన ముందు అలాగే ఉంటుంది, ఆమెను ఎలా తయారుచేశారో తెలియకుండా.

1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. ముఖ్యమైన శాఖలన్నీ ఆడవాళ్ల చేతుల్లో పెట్టి తీసిన సినిమా అది. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో ఇది ఎంత పెద్ద సంగతో ఊహించుకోండి. తర్వాత ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’గా తనే తీశారు. 1964లో తాను రాధగా వేసిన కథను, ఏడేళ్ల తర్వాత కెమెరా వెనక నుంచి చూశారన్నమాట. తనను తాను ఏ షాట్లో పెట్టుకున్నారు? ఆదుర్తి సుబ్బారావు చేసిన వాటిలో వేటిని ఉంచారు, వేటిని మార్చారు? రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. అయినా ఈ రెండు సినిమాలకూ మన కథనాల్లో ఒకే ఉద్యోగం, పతనానికి తొలి మెట్టుగా ఉండటం. నష్టమొచ్చింది కాబట్టి అవి సినిమాలు కాకుండా అప్పులైపోయాయి.

‘మిస్సమ్మ’ సంగతి కూడా అంతే. మొదట ఆ వేషం భానుమతిది. షూటింగుకు ఆలస్యంగా రావడం, నిర్మాత చక్రపాణి క్షమాపణ అడగడం, ఆమె ససేమిరా అనడం, అప్పటికి తీసిన రీళ్లు పక్కన పారేసి ఆ పాత్ర సావిత్రికివ్వడం, సావిత్రి చేయాల్సిన చెల్లెలి పాత్ర జమునకు రావడం. ఆలస్యం వరలక్ష్మీ వ్రతం వల్లనని అంటారు. తెలుగు సినిమా గురించి నాలుగు ముక్కలు తెలిసిన ప్రతివాడికీ ఈ కథ వచ్చు. పౌరుషాల కథగా రంజుగానే ఉంటుంది. కానీ భానుమతి కోసం అనుకున్న మేరీకి సావిత్రి వచ్చాక ఏమైంది? భానుమతి అయితే ఆ కోపం నిజమైన కోపంగా ఉండేది, ఎదుటివాడు కాస్త భయపడేవాడు. సావిత్రి మేరీలో కోపం కింద ఎప్పుడూ ఒక బెదురు వినిపిస్తుంది. ఆ బెదురు వల్లే ఎన్టీ రామారావు అల్లరి మనకు నవ్వు తెప్పిస్తుంది. మాటలు మార్చారా? ఎల్.వి.ప్రసాద్ సీన్లు నడిపే తీరు మార్చారా? నటి మారితే పాత్ర ఎలా మారుతుందో చెప్పడానికి తెలుగు సినిమాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంకోటి లేదు. దాన్ని మనం డెబ్భై ఏళ్లుగా పొగరు గురించిన పిట్టకథగా చెప్పుకుంటున్నాం.

పిట్టకథలన్నీ పనికిరానివని కాదు. ‘దేవదాసు’ తాగుబోతు సీన్లలో అక్కినేని నిజంగా తాగే నటించారా అని జనం అడిగేవారట. కనురెప్పలు బరువుగా వాలి ఉండాలని ఆ సీన్లు రాత్రిళ్లు తీశారన్నది జవాబు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఉపాయం, నటుడి ఓర్పు, అర్ధరాత్రి ఫ్లోరు మీద లైట్ల వేడి అన్నీ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. అలాగే నలభై ఏళ్ల వయసులో ‘నర్తనశాల’ బృహన్నల కోసం వెంపటి చినసత్యం దగ్గర ఎన్టీఆర్ కూచిపూడి అడుగులు నేర్చుకోవడం. అప్పటికి ఆయనకు ఆ కష్టం పడాల్సిన అవసరం ఏమీ లేదు. డూపును పెట్టి, కాళ్లు వేరుగా తీసి అతికినా జనం విజిల్ వేసేవారు. ఇలాంటి చోట ఆగాలి పుస్తకం. మనవి ఆగవు. ఒక వాక్యంలో దాటేసి, రథం ఎక్కి రాజకీయాల్లోకి వెళ్లిపోతాయి.

ఆ జీవితాన్ని 2019లో సినిమాలుగానే చూశాం. జనవరిలో ‘కథానాయకుడు’, ఫిబ్రవరిలో ‘మహానాయకుడు’. నిర్మించింది కొడుకు, తండ్రిగా నటించిందీ కొడుకే. మార్చిలో రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’. మొదటి రెండింట్లో విగ్రహం, మూడోదాంట్లో వకాల్తా. వీటి మధ్య, మొదట్లో కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోని నటుడు ‘మాయాబజార్’తో ఇంటింటి పటంలో కృష్ణుడు ఎలా అయ్యాడన్న ప్రశ్న ఎవరికీ అంతగా పట్టలేదు.

<b>చాప్లిన్ కూడా తప్పించుకోలేదు</b>

ఇది మన ఒక్కరి రోగం అనుకుంటే పొరపాటు. 1964లో చార్లీ చాప్లిన్ ఆత్మకథ వచ్చింది. లండన్ మురికివాడలు, మతి చలించిన తల్లి, దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్, సంగీతశాలల స్టేజీ మీద చిన్నపిల్లాడు. ఈ తొలి భాగం రాసిన చేయి గొప్ప రచయితది. కీర్తి వచ్చాక పుస్తకం కూలబడుతుంది. ఎవరింట్లో భోంచేశాడో, ఏ దొరతో, ఏ మేధావితో ఏం మాట్లాడాడో పేజీలకు పేజీలు. సినిమాలు ఎలా తీశాడో అరకొర. ఒకే ట్రూపులో తిరిగి, తర్వాత ప్రపంచాన్ని నవ్వించిన స్టాన్ లారెల్ పేరే లేదు. తన రెండో భార్య లీటా గ్రే పేరు కూడా రాయకుండా నాలుగు ముక్కల్లో దాటేశాడు. ఆకలి గురించి రాయడం వచ్చిన మనిషికి పని గురించి రాయడం రాలేదా? వచ్చే ఉంటుంది. గారడీవాడు తన సంచీ విప్పి చూపించడానికి ఇష్టపడడు, అదీ కారణం కావచ్చు.

మార్లన్ బ్రాండోది మరో రకం. 1994లో పెద్ద మొత్తం తీసుకుని, రాబర్ట్ లిండ్సే సాయంతో ఆత్మకథ ఇచ్చాడు. షరతు ఏమిటంటే భార్యల గురించి, పిల్లల గురించి మాట్లాడడు. సరే, అది ఆయన హక్కు. పోనీ నటన గురించైనా మనసు విప్పాడా అంటే, నటన పెద్ద గొప్ప పనేం కాదని జీవితమంతా చెప్పుకున్న మనిషి ఆయన. అదే ఏడాది పీటర్ మాన్సో వెయ్యి పేజీలు దాటిన బ్రాండో జీవిత చరిత్ర తెచ్చాడు. అందులో అన్నీ ఉన్నాయి, వందలమంది సాక్ష్యాలున్నాయి. నటుడి చేత రాయిస్తే ఇంట్లో తలుపులు వేసుకున్నాడు. బయటివాడు రాస్తే తలుపులు పగలగొట్టాడు. పాఠకుడు రెండు పుస్తకాలూ కొనుక్కున్నాడు.

ఇంగ్లీషులో ఈ గోతిలో పడని పుస్తకం చెప్పమంటే నేను సైమన్ కాలో పేరు చెబుతాను. ఆయన స్వయంగా నటుడు. 1987లో మరో నటుడు చార్లెస్ లాటన్ మీద రాశాడు. వేషం తర్వాత వేషం తీసుకుని, ఇక్కడ గొంతు ఎందుకు ఇలా పెట్టాడు, ఈ అందవికారాన్ని ఏ పాత్రలో ఎలా వాడుకున్నాడు, ఏ వేషంలో ఎందుకు విఫలమయ్యాడు అని తోటి పనివాడు తోటి పనివాడిని పరిశీలించినట్టు రాశాడు. లాటన్ వ్యక్తిగత జీవితం కూడా అందులో ఉంది. తెర మీద కనిపించినదాన్ని అర్థం చేసుకోవడానికి ఎంత కావాలో అంత.

<b>ఆవిష్కరణ సభలో పుట్టిన పుస్తకాలు</b>

మన దగ్గర అలాంటివి ఎందుకు రావంటే రచయితలకు తెలివి లేక కాదు. పుస్తకం పుట్టే చోటే వేరు. జయంతికో, శతజయంతికో, షష్టిపూర్తికో ఒక పుస్తకం కావాలి. కుటుంబం ఖర్చు పెట్టుకుంటుంది, లేదా అభిమాన సంఘం. తేదీ ముందు ఖాయమవుతుంది, ముఖ్య అతిథి ఖాయమవుతాడు, హాలు బుక్ అవుతుంది. రచయితకు మిగిలేది కొన్ని నెలలు. స్టిల్సు ఇంటివాళ్లు ఇవ్వాలి, ముందుమాట పెద్దవాళ్లు రాయాలి. ఇంతమంది దయ మీద నడిచే రచయిత, ఈయన ఫలానా సినిమాలో బాగా చేయలేదు అని ఒక్క మాట రాయగలడా? అది రాయలేనివాడు బాగా చేశారని రాసిన మాటకు విలువేముంది? విఫలమైన వేషం లేని నటుడు లేడు. విఫలమైన వేషం లేని జీవిత చరిత్రలే మన దగ్గర ఎక్కువ.

దొరికే ముడిసరుకు కూడా అలాంటిదే. ‘విజయచిత్ర’, ‘జ్యోతిచిత్ర’, ‘సితార’ పాత సంచికలు తిరగేస్తే నటుల ఇంటర్వ్యూలు బోలెడు కనిపిస్తాయి. ఇష్టమైన రంగు, నచ్చిన వంట, దర్శకుడి గురించి రెండు పొగడ్తలు. సినిమా విడుదలకు ముందు సినిమా కోసం ఇచ్చినవి అవి. వాటినే కత్తిరించి జీవిత చరిత్రలో అతికిస్తారు. అగ్రిమెంట్లు, కాల్‌షీట్ డైరీలు, స్క్రిప్టు కాపీల మీద పెన్సిలు రాతలు లాంటివి ఎక్కడున్నాయి? పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పెట్టారు. అప్పటికే మన తొలి సినిమాలు చాలావరకు పోయాయి. ఇక కాగితాలను ఎవరు దాస్తారు? పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు లారీలెక్కినవి సామాన్లు. ఆఫీసు అల్మారాల్లో ఫైళ్లు తూకానికి పోయాయి.

చట్టం భయం కూడా ఉంది, ఉన్నదానికన్నా ఎక్కువగా ఉంది. చనిపోయినవాళ్ల మీద రాసిన రాత కూడా, వాళ్లు బతికుంటే పరువు తీసేదైతే, కుటుంబం మనసు గాయపరచాలన్న ఉద్దేశంతో రాసిందైతే పరువు నష్టమేనని పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్ వివరణలో ఉండేది, కొత్త న్యాయ సంహితలోనూ ఉంది. దాన్ని చూపించి బెదిరించడం తేలిక. కానీ 1994లో హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పింది. జయలలిత మీద ‘తలైవి’ సినిమా తీస్తున్నప్పుడు ఆమె మేనకోడలు కోర్టుకెక్కితే, వ్యక్తి గోప్యత ఆ వ్యక్తితోనే ముగుస్తుంది, వారసత్వంగా రాదని 2021లో మద్రాసు హైకోర్టు తేల్చింది. ఎలాగూ నేను అడుగుతున్న పుస్తకానికి ఈ సెక్షన్లతో పనే లేదు. ‘షావుకారు’లో రంగారావు నిలబడిన తీరు గురించి రాస్తే ఏ వారసుడు నోటీసు పంపిస్తాడు?

<b>నోరున్నవాళ్లు రాసినవి</b>

మన భాషలో చదివి సంతోషించిన పుస్తకాలు లేవని కాదు. భానుమతి ‘నాలో నేను’ ఉంది. సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ‘వరవిక్రయం’లో 1939లో అడుగుపెట్టిన అమ్మాయి, పెళ్లయ్యాక భరణీ స్టూడియో పెట్టి, ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన మనిషి, అత్తగారి కథలు రాసిన చేత్తో తన కథా రాశారు. ఆ పుస్తకంలో వినయం తక్కువ, అదే దాని బలం. తాను గొప్పదాన్నని ఆమెకు తెలుసు, మనకు తెలియాలని కూడా ఆమె కోరిక. ఎదుటివాళ్లను తక్కువ చేసినచోట మనం ఒప్పుకోకపోవచ్చు. కనీసం ఒప్పుకోకపోవడానికి ఒక అభిప్రాయం దొరుకుతుంది. సన్మాన గ్రంథాల్లో అదీ దొరకదు.

గుమ్మడి ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ రాశారు. తనకన్నా పెద్దవాళ్లైన ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు తండ్రిగా వేసిన నటుడాయన. ఆ వింత ఉద్యోగం గురించి ఆయన తప్ప ఇంకెవరు చెబుతారు? రావి కొండలరావు ‘బ్లాక్ అండ్ వైట్’ కూడా అంతే. చిన్న వేషాలు వేసినవాడు, పత్రికలో పనిచేసినవాడు కాబట్టి సెట్లో హీరో వచ్చాక ఏమవుతుందో కాకుండా, హీరో రాకముందు ఏమవుతుందో ఆయనకు తెలుసు. రచయిత ముళ్లపూడి ‘కోతి కొమ్మచ్చి’ నటుడిది కాదు గానీ, సినిమా అనే వ్యాపారంలో డబ్బెలా వస్తుందో, ఎలా పోతుందో, మధ్యలో ఒక సీను ఎలా పుడుతుందో దాన్ని మించి చెప్పిన పుస్తకం తెలుగులో నాకు కనిపించలేదు. గమనిస్తే వీళ్లంతా తారాపథంలో నడుమ నిలబడినవాళ్లు కారు, ఒక్క భానుమతి తప్ప. పక్కన నిలబడినవాడికే సీను మొత్తం కనిపిస్తుందేమో.

పొరుగున మరాఠీలో హంసా వాడ్కర్ ‘సాంగ్త్యే ఐకా’ ఉంది. అరుణ్ సాధు ఆమె చేత చెప్పించి అక్షరంలో పెట్టారు. ఏడుపు లేదు, సాకులు లేవు. 1977లో శ్యామ్ బెనెగల్ దాన్ని ఆధారం చేసుకునే ‘భూమిక’ తీశారు, స్మితా పాటిల్ జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఒక నటి తన జీవితాన్ని దాచకుండా చెబితే, దాన్నుంచి ఇంకో నటికి జీవితకాలపు వేషం దొరికింది. మన కాంచనమాల, మన నాగయ్య గురించి చివరి రోజుల చెదురుమదురు కథలే తప్ప వాళ్ల నోటి నుంచి అంత పొడుగు మాట ఎవరూ రాబట్టలేదు. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’: ఆరేళ్లలో ముగ్గురు మహానుభావులుగా నిలిచి, వాళ్ల పాటలు తనే పాడుకున్న నాగయ్య. ముగ్గురి భక్తీ వైరాగ్యమూ ఒకలా ఉండవు ఆ సినిమాల్లో. ఆ తేడా ఆయన ఎక్కడి నుంచి తెచ్చారో అడిగిన మనిషి లేడు. దానధర్మాలు చేసి ఎలా చితికిపోయారో మాత్రం అందరికీ తెలుసు.

ఇప్పటికీ పూర్తిగా చేయి దాటిపోలేదు. సూర్యకాంతం 1924లో కాకినాడ దగ్గర పుట్టారు, 1994లో పోయారు. ఆ పేరు పిల్లకు పెట్టుకోవడానికి తెలుగు ఇళ్లు భయపడ్డాయన్న జోకును ఆమె గురించి రాసిన ప్రతి వ్యాసమూ అరగదీసింది. ఆఫ్ స్క్రీన్ ఆమెది వెన్నలాంటి మనసని, సెట్లో అందరికీ వంటలు తెచ్చి పెట్టేదని రెండో వాక్యం. ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, రంగారావు ఉండగా సినిమా పేరు మాత్రం ఆమె పాత్రది. ఆమె ఎడమ చెయ్యి తిప్పుతూ మాట్లాడే పద్ధతి ఎక్కడిది? పెద్దగా అరవకుండానే ఇంటిల్లిపాదినీ హడలెత్తించే ఆ స్థాయిని మైక్ ముందు ఎలా అదుపులో పెట్టేవారు? నాగిరెడ్డి, చక్రపాణి సంస్థలో ఆమెకు కాల్‌షీట్ ఎలా ఇచ్చేవారు, ఎంత ఇచ్చేవారు, డైలాగు ముందురోజు పంపేవారా, ఫ్లోరు మీదే చెప్పేవారా? ఆమె సీన్లకు క్లాప్ కొట్టిన కుర్రాళ్లు, ట్రాలీ తోసినవాళ్లు, లైట్లు పట్టినవాళ్లు కొందరైనా వడపళని వైపు, కృష్ణానగర్ వైపు ఇంకా ఉండే ఉంటారు. అందరికీ ఎనభై దగ్గర పడి ఉంటుంది. తర్వాతి జయంతి సభ దాకా ఆగకుండా, ఈ నెలలోనే ఎవరైనా ఒక రికార్డరు పట్టుకుని వెళ్లాలి. మొదటి ప్రశ్న ఆ ఎడమ చెయ్యి గురించి అడగాలి.